మైల్డ్ హైబ్రిడ్ కారుకు ప్లగ్ ఎక్కడ పెట్టాలి?

[దృశ్యం: అపార్ట్‌మెంట్ సెల్లార్, కారు పక్కన నిలబడి]

"ఒరేయ్, హైబ్రిడ్ బండి బుక్ చేశాను. సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టించాలంటే అసోసియేషన్ వాళ్లని అడగాలా?"

మొన్న గుంటూరు నుంచి మా బాబాయ్ ఫోన్. బుక్ చేసింది ఎర్టిగా పెట్రోల్. అది మైల్డ్ హైబ్రిడ్ బాబాయ్, ప్లగ్ పెట్టే చోటే ఉండదు అన్నాను. "మరి బ్యాటరీ ఎలా నిండుతుందిరా?" అన్నాడు. చూపిస్తాను రండి.

[దృశ్యం: బానెట్ ఎత్తి, బెల్టు దగ్గరగా]

మామూలు కారులో ఈ బెల్టుకు ఆల్టర్నేటర్ ఉంటుంది. ఇంజిన్ తిప్పితే కరెంటు తీస్తుంది, అంతే. ఇక్కడున్నది ఐఎస్‌జీ, అంటే ఇంటిగ్రేటెడ్ స్టార్టర్ జనరేటర్. బ్రేక్ వేసినప్పుడు బండి వేగమే దీన్ని తిప్పుతుంది. ఆ కరెంటు బ్యాటరీలోకి పోతుంది. మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే ఇదే మోటారుగా మారి, బెల్టు లాగి, ఇంజిన్‌కు ఓ చెయ్యి వేస్తుంది. శ్రీశైలం ఘాట్ దిగుతూ మీటర్ల మధ్య స్క్రీన్ చూడండి, బాణం బ్యాటరీ వైపు తిరిగి ఉంటుంది.

[దృశ్యం: ట్రాఫిక్ సిగ్నల్, కారు లోపల]

న్యూట్రల్ చేసి క్లచ్ వదిలాను. ఇంజిన్ ఆగింది. క్లచ్ తొక్కాను... విన్నారా? స్టార్టర్ గరగర లేదు, ఐఎస్‌జీయే లేపేసింది. ఒక్క మాట: ఇంజిన్ ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది, బ్లోయర్ గాలి ఒక్కటే వస్తుంది. అందుకే విజయవాడ మే ఎండల్లో సిగ్నల్ పడ్డా ఇంజిన్ చాలాసార్లు ఆగదు, ఆగినా కాసేపటికే తనంతట తనే లేస్తుంది. అది రిపేరు కాదు, కంగారు పడకండి.

[దృశ్యం: తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్]

ఇప్పుడు అసలు సంగతి. ఎర్టిగాలో మామూలు బ్యాటరీతో పాటు ఉండే లిథియం బ్యాటరీ 12 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 72 వాట్ అవర్లు. ఈ ఫ్యాన్‌ని సుమారు గంటసేపు తిప్పుతుంది. పూర్తిగా కరెంటు మీదే నడిచే నెక్సాన్ ఈవీ 2020లో వచ్చినప్పుడు దాని బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు, అంటే 400 రెట్లకు పైనే. ఇంత చిన్న బ్యాటరీతో కారు కరెంటు మీద నడవదు. పెట్రోల్ అయిపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

మారుతి ఈ పద్ధతిని 2015లో సియాజ్ డీజిల్‌తో తెచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి కేంద్రం ఫేమ్ రాయితీని, అంటే ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లకు అప్పట్లో ఇచ్చే సబ్సిడీని, మైల్డ్ హైబ్రిడ్లకు ఆపేసింది. నా ఉద్దేశంలో అది సబబే, పేరులో హైబ్రిడ్ ఉన్నా లాగేది పెట్రోలో డీజిలో కదా.

[దృశ్యం: గ్రాండ్ విటారా రెండు రకాలూ పక్కపక్కన]

స్ట్రాంగ్ హైబ్రిడ్‌కీ ప్లగ్ ఉండదు, కానీ అది కొంతదూరం ఇంజిన్ లేకుండానే కదులుతుంది. ఈ గ్రాండ్ విటారా వచ్చినప్పుడు మారుతి చెప్పిన లెక్క: మైల్డ్ మాన్యువల్ లీటరుకు 21.11 కిలోమీటర్లు, స్ట్రాంగ్ 27.97. ధరలో తేడా కూడా గట్టిగానే ఉంటుంది. షోరూమ్‌లో "హైబ్రిడ్డేనా?" అని అడక్కండి. "ఇంజిన్ ఆపి ఇది కదులుతుందా?" అని అడగండి, అప్పుడే డబ్బులు తియ్యండి.