గేటు పడితే గేమే

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం వైపు కుర్రాళ్లు వీడియో గేముల ఐడియాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ఈ మధ్య ఒక డిగ్రీ అబ్బాయి, "మాస్టారూ, నౌపడ నుంచి గుణుపురం దాకా పాత చిన్న రైలు మీద గేమ్ చేస్తాను" అన్నాడు. 1900లో పర్లాకిమిడి రాజావారు తమ ఊరిదాకా వేయించిన లైను, తర్వాత గుణుపురం దాకా సాగింది, ఎవరికి ముచ్చటేయదు? అయితే అతని నోటుబుక్కులో ప్రతి స్టేషనూ, మహేంద్రగిరీ, ఏనుగులూ, టికెట్ల లెక్కా అన్నీ ఉన్నాయి. గేమ్ మాత్రం లేదు.

ఆడేవాడి వేలు ఏం చేస్తుందని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "గేటు వేస్తుంది" అన్నాడు. ఇంకేం, గేమ్ దొరికింది! రైలు వచ్చేలోపు గేటు పడాలి. మరీ ముందే వేస్తే సైకిళ్లు, ఆవులు, పెళ్లివారి వ్యాను ఆగిపోయి హారన్లు మొదలవుతాయి. ఆలస్యమైతే చెప్పక్కర్లేదు. బొమ్మలు అప్పుడే వద్దు. రైలంటే ఒక పొడుగు డబ్బా, ఆవంటే ఒక చదరం. ఆ డబ్బాలతోనే ఇంకో ఆట ఆడాలనిపించాలి. అనిపించకపోతే ఎన్ని రంగులు పూసినా అంతే.

గేములు తయారుచేయడానికి గొడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి తీసుకోండి. అంతకుముందు వాటిలో తెలుగు రాస్తే వత్తులు విడిపోయేవి, ఒడియాకీ అదే గతి. మన వైపు రెండు లిపులూ కావాలి మరి.

ఆ తర్వాతి పని బోరు. ఫోన్ వస్తే ఆట ఆగాలి, సౌండ్ తీసేసే బటన్ ఉండాలి, స్కోరు చెరిగిపోకూడదు. సరిగ్గా అప్పుడే బుర్రలో కొత్త ఐడియా మెరుస్తుంది, పాతది మూలన పడుతుంది. స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేముకి బొమ్మలూ సంగీతమూ కోడూ ఎరిక్ బరోన్ ఒక్కడే చేసుకున్నాడు. 2016లో విడుదలయ్యేసరికి నాలుగేళ్లు దాటాయి. మొదటి గేముకే అంత ఓపిక నేనెవరినీ అడగను. ఒక గేటు, ఐదు లెవెల్స్ చాలు.

ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతాకైతే 12 మంది వరుసగా 14 రోజులు టెస్టింగ్‌లో ఉండాలి. అంతమందిని ఎక్కడ తేవాలని టెన్షన్ పడకండి, హాస్టల్ స్నేహితులూ మేనమామ పిల్లలూ ఉన్నారుగా. వాళ్లు ఆడుతుంటే మీరు నోరు మెదపకండి, ఎక్కడ తడబడుతున్నారో చూసి రాసుకోండి. ఒడియా ఒక్కటే చదవగలిగేవాళ్లు ఇద్దరైనా అందులో ఉండేలా చూసుకోండి.