ఓర్చుకోవడానికీ తీయించుకోవడానికీ నడుమ

శ్రోతలకు నమస్కారం. బాధతో కూడిన నెలసరి గురించీ, మోతాదు మించిన రక్తస్రావం గురించీ ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను. ఇంట్లో మగవాళ్లున్నారని రేడియో కట్టేయకండి. ఆడవాళ్లను ఆసుపత్రికి ఎప్పుడు తీసుకువెళ్లాలో, ఆపరేషన్ చేయించాలో వద్దో చాలా ఇళ్లలో ఇప్పటికీ వాళ్లే నిర్ణయిస్తున్నారు గనుక ఈ సంగతులు వాళ్లకూ తెలిసి ఉండాలి.

కొన్నేళ్ల కిందట, మిర్చి కోతల రోజుల్లో, ముప్పై నాలుగేళ్ల స్త్రీ ఒకామె మా ఓపీకి వచ్చింది. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు కాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. కూలి పనికి వెళుతుంది. కూర్చుంటూనే "డాక్టరమ్మా, గర్భసంచి తీసెయ్యండి, పీడా వదిలిపోద్ది" అంది. నెలనెలా ఎనిమిదేసి రోజులు అవుతోందనీ, మొదటి మూడు రోజులూ నడుము లాగేసి చేలో వంగలేకపోతున్నాననీ, ఆ మూడు రోజుల కూలి పోతోందనీ చెప్పింది. కంటి కింది రెప్ప లాగి చూస్తే సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. రక్తపరీక్ష చేయిస్తే, పన్నెండుకు తగ్గకుండా ఉండవలసిన హిమోగ్లోబిన్ 6.8 ఉంది. "రోజుకు ఎన్ని గుడ్డలు మారుస్తావమ్మా?" అని అడిగాను. "ఎవరు లెక్కపెట్టారమ్మా" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. పన్నెండు పదమూడేళ్లపాటు ఎంత పోతోందో లెక్కపెట్టకుండా ఓర్చుకుని, ఓర్పు చచ్చిపోయిన రోజున ఏకంగా అవయవాన్నే తీయించుకోవడానికి సిద్ధపడి వచ్చింది. ఈ రెండింటికీ నడుమ వైద్యంలో ఎన్నో దారులున్నాయని ఆమెకు అంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి మూడుకు కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి ఎనిమిదికి పైగా ఉన్నారు. ఆ లెక్కలో మన రెండు రాష్ట్రాలే దేశంలో ముందున్నాయి.

ముందు, ఎంతైతే ఎక్కువ అనేది చూద్దాం. మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం రెండు మూడు పెద్ద చెంచాలంత, అంటే 30 నుంచి 40 మిల్లీలీటర్లు ఉంటుంది. 80 దాటితే, అంటే దాదాపు ఒక చిన్న టీ గ్లాసెడైతే, ఎక్కువ అని వైద్యశాస్త్రం చాలాకాలంగా చెబుతూ వచ్చింది. అయితే ఏ ఇంట్లోనూ దాన్ని కొలిచి చూడలేరు గనుక, ఆ స్రావం వల్ల ఆమె పని, నిద్ర, ఆరోగ్యం, మనసు దెబ్బతింటున్నాయా అన్నదాన్నే ఇప్పుడు అసలు కొలతగా తీసుకుంటున్నారు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసి మార్చవలసి రావడం, రాత్రి నిద్రలో లేచి మార్చుకోవడం, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం, వారం దాటినా ఆగకపోవడం, బట్టలకు అంటుతుందేమోనని పెళ్లికీ బడికీ పోవడం మానుకోవడం, వీటిలో ఏ ఒక్కటి నెలనెలా జరుగుతున్నా అది ఎక్కువే. మా వంశంలో అందరికీ ఇంతేనని సరిపెట్టుకోకూడదు. వంశంలో అందరికీ ఉందంటే, రక్తం సరిగా గడ్డకట్టని లోపం ఆ వంశంలో ఉందేమో చూడవలసిన అవసరం ఇంకా ఎక్కువ.

నొప్పి సంగతికి వస్తే, నెలసరి సమయంలో గర్భసంచి లోపలి పొర ఊడిపోతున్నప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై గర్భసంచి కండను బిగదీస్తాయి. ఆ బిగింపుకు కండకు రక్తం అందక నొప్పి పుడుతుంది. పొత్తికడుపులో మొదలై నడుముకీ తొడలకీ పాకడం, వాంతులు, విరేచనాలు కావడం కూడా ఈ రసాయనాల పనే. కాబట్టి వాంతి చేసుకుంటున్న పిల్లను వేషాలు వేస్తోందని కసరడం అన్యాయం. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఆ రసాయనాల తయారీనే తగ్గిస్తాయి గనుక వాటిని నొప్పి ముదిరిపోయాక వేసుకోవడం కంటే, మొదలవుతున్నట్టు తెలియగానే అన్నం తిన్న తరువాత వేసుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో రెండు మూడు రోజులు వరసగా వాడితే మంచి గుణం కనబడుతుంది. రక్తస్రావం కూడా కొంత తగ్గుతుంది. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవారు మాత్రం అడగకుండా వాడకూడదు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా జ్వరం, ఒంటినిండా దద్దుర్లతో తీవ్రమైన ఎలర్జీ రావచ్చని భారత ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది కూడా. మాత్ర వాడిన కొన్ని వారాల తరువాతైనా అలాంటిది కనబడితే మాత్ర ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇక మన అమ్మమ్మలు పెట్టిన వేడినీళ్ల కాపడం వట్టి ఊరడింపు కాదు. వేడి తగిలితే బిగిసిన కండ సడలుతుందని పరీక్షలు చేసి తేల్చిన విషయమే.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. చదువు ముగించుకున్న కొత్తలో, నెలనెలా నొప్పితో మెలికలు తిరిగిపోయే ఒక కాలేజీ అమ్మాయిని ఆమె తల్లి నా దగ్గరికి తెస్తే, స్కానింగ్‌లో ఏమీ కనబడలేదని చూసి "పెళ్లయి ఒక కాన్పయితే అదే తగ్గుతుంది" అని పంపించేశాను. ఆరేళ్ల తరువాత ఆమె పిల్లలు కలగడం లేదని వచ్చింది. పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరా గొట్టంతో లోపల చూసే లాపరోస్కోపీ చేస్తే, గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీదా పేగుల మీదా పెరిగి అన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. తొలి దశలో అది మామూలు స్కానింగ్‌కు దొరక్కపోవచ్చు. మాత్రలకు లొంగని నొప్పి, నెలసరికి ముందే మొదలై తరువాతా వదలని నొప్పి, మలవిసర్జనప్పుడో భార్యాభర్తలు కలిసినప్పుడో వచ్చే నొప్పి ఉంటే, స్కానింగ్ బాగుందన్న ఒక్క కారణంతో ఎవరినీ వెనక్కి పంపకూడదని ఆ అమ్మాయి వల్లే నేర్చుకున్నాను. ఆమె కోల్పోయిన ఆరేళ్లను మాత్రం నేను తిరిగి ఇవ్వలేను.

మళ్లీ మన కూలితల్లి దగ్గరికి వస్తాను. ఎక్కువ స్రావానికి గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలుండవచ్చు, లోపలి పొర నుంచి మొలిచే మెత్తని బుడిపె, అంటే పాలిప్ ఉండవచ్చు, లోపలి పొర కండలోకి చొచ్చుకుపోయి ఉండవచ్చు, థైరాయిడ్ తక్కువ కావచ్చు, కాపర్ టీ కావచ్చు. గడ్డ అనగానే కేన్సరని భయపడతారు గాని, ఫైబ్రాయిడ్లు కేన్సరుగా మారడం చాలా అరుదు. నలభై ఐదు దాటినవారికీ, మధ్యమధ్యలో స్రావం కనబడేవారికీ లోపలి పొరలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం అవసరం. ముట్లుడిగి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క కనబడినా ఆలస్యం చేయకూడదు. ఈమెకు స్కానింగ్‌లో గర్భసంచి కాస్త ఉబ్బి ఉందే గాని ప్రమాదకరమైనదేమీ లేదు.

అలాంటప్పుడు ఏం చేయవచ్చు? స్రావం ఎక్కువగా ఉన్న ఆ నాలుగైదు రోజులే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తం పోవడాన్ని దాదాపు సగానికి తగ్గించగలవు. గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారికి మాత్రం ఇవి పనికిరావు. గర్భనిరోధక మాత్రలు కూడా నొప్పినీ స్రావాన్నీ తగ్గిస్తాయి, కానీ బీపీ ఉన్నవారికీ, ముప్పై అయిదు దాటి పొగతాగేవారికీ ఇవ్వకూడదు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట కాల్చే స్త్రీలున్నారు, ఆ అలవాటును డాక్టరు దగ్గర దాచుకోకూడదు. అన్నిటికంటే ఎక్కువ గుణమిచ్చేది గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్. కాపర్ టీ స్రావాన్ని పెంచితే ఇది లోపలి పొరను పలచన చేసి స్రావాన్ని బాగా తగ్గిస్తుంది. కనీసం అయిదేళ్లు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు కొద్దికొద్దిగా మరకలు పడుతూ విసిగిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే చాలామంది తీయించేసుకుంటారు.

ఇవేవీ పనిచేయనప్పుడు, స్త్రీ అన్నీ తెలుసుకుని కోరుకున్నప్పుడు గర్భసంచి తీయడం మంచి వైద్యమే. దానికి నేను వ్యతిరేకిని కాను. పిల్లలు చాలనుకున్నాక అది ఉండి ఏం లాభమన్న లెక్కతో, ముప్పై ఏళ్లకే తీసేయడమే నాకు బాధ. అండాశయాలు కూడా తీస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు, ఒళ్లు ఆవిర్లు వచ్చి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. వాటిని ఉంచినా అవి కొన్నేళ్లు ముందుగా పనిమానేసే అవకాశముంది. అనవసరంగా జరుగుతున్న ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఎవరైనా తొందరపెడితే, మరో డాక్టరును అడిగి వస్తామని చెప్పే హక్కు మీకుంది.

పోయిన రక్తాన్ని పూడ్చుకోవడం మరో పని. ఒక మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. పెద్దమనిషైన పిల్లకు నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టే మన ఆచారం మంచిదే గాని, 6.8 ఉన్న మనిషికి చిమ్మిలి చాలదు. ఐరన్ మాత్రలు నెలల తరబడి వాడాలి, బాగా తక్కువైతే నరంలోకి ఐరన్ ఎక్కించాలి. మాత్రను టీతోనో పాలతోనో వేసుకుంటే ఒంటబట్టదు. నిమ్మరసంతో వేసుకోవాలి. విరేచనం నల్లగా వస్తుంది, భయపడనక్కర్లేదు.

ఆమెకు ఐరన్ ఎక్కించి, లూప్ వేసి పంపుతూ, గోడమీది క్యాలెండర్‌లో ప్రతిరోజూ ఎన్ని గుడ్డలు మార్చిందో అన్ని గీతలు గీసి తెమ్మన్నాను. నాలుగు నెలల తరువాత క్యాలెండర్ కాగితాలు మడిచి జాకెట్‌లో పెట్టుకుని తెచ్చింది. అమావాస్యకూ సంకష్టహర చతుర్థికీ పక్కన పెన్సిల్ గీతలు. మొదటి నెలలో రోజుకు తొమ్మిది, పది. నాలుగో నెలకు రెండు. హిమోగ్లోబిన్ 10.9 వచ్చింది. అన్ని కాగితాల్లోనూ గళ్ల అడుగున ఎర్ర స్కెచ్‌తో ఇంకో వరస గీతలు కనిపించాయి. "ఇవేమిటమ్మా?" అని అడిగాను. "మా పాపవమ్మా. పోయినేడు పెద్దమనిషయ్యింది. నాకు మల్లేనే ఉందని నేనే గీయించా" అంది. లెక్కపెట్టాను. ప్రతి నెలా పది రోజులకు తక్కువ లేవు. పాపకు చిన్నప్పటి నుంచీ ముక్కులోంచి రక్తం కారుతుందా అని అడిగితే, కారుతుందంది. ఆ వారంలోనే పాపను పిలిపించి, రక్తం గడ్డకట్టే గుణం తెలుసుకునే పరీక్షలకు నమూనా తీసి పంపాం.