నాన్న ఓమ్నీ, పైకి రాని యాక్సిలరేటర్

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈసారి వీడియో డల్లాస్ నుంచి కాదు, మా విజయవాడ నుంచి. ఇప్పుడు ఆటోనగర్‌లో ఉన్నాం. వెనకాల సుత్తి చప్పుళ్లు వినపడుతుంటాయి, కొంచెం సర్దుకోండి. ఇదిగో, ఇదే మా నాన్నగారి మారుతీ ఓమ్నీ, 1996 మోడల్. నన్ను ట్యూషన్లకి తిప్పిన బండి ఇదే.

మొన్న మంగళగిరి వెళ్లి పానకాల స్వామి దర్శనం చేసుకుని తిరిగొస్తున్నాం. వారధి మీద ముందున్న లారీ స్లో అయింది. నాన్న పెడల్ మీద నుంచి కాలు తీశారు. ఇంజన్ మాత్రం అదే రేసులో ఉంది. ఆయన కంగారు పడలేదు. బొటనవేలు పెడల్ కిందకి పోనిచ్చి పైకి లేపారు, వెంటనే రేసు తగ్గింది.

"ఏంటి నాన్నా అది?"

"అప్పుడప్పుడు పట్టేస్తుందిలేమ్మా, అలవాటైపోయింది."

వానాకాలం నుంచీ ఇంతేనని వెనక సీట్లోంచి అమ్మ అంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో బండి ఎలా ఉందని అడుగుతూనే ఉన్నాను. బాగుందనేవారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ.

ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఈ పాత మోడల్‌కి కార్బురేటర్ ఉంది, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం. పెడల్ తొక్కితే కేబుల్ లాగుతుంది, దాని చివరున్న లివర్ తిరుగుతుంది, కార్బురేటర్‌లో బటర్‌ఫ్లై, అంటే గాలి దారిలో ఉండే చిన్న రేకు మూత, తెరుచుకుంటుంది. కాలు తీశాక ఇదంతా వెనక్కి రావాలంటే స్ప్రింగే లాగాలి. మధ్యలో ఎక్కడ బిగుసుకున్నా బండి మన మాట వినదు.

మేస్త్రీ గారు సీటు లేపకముందే అడిగారు: "మాస్టారూ, వేలితో లేపితే తగ్గుతోందా?" అవునన్నారు నాన్న. "అయితే కార్బురేటర్ కాకపోవచ్చు. అక్కడ పట్టేస్తే పెడల్ లేపినా కేబుల్ వదులవుతుందంతే, రేసు తగ్గదు." ఆ మాట నాకు చాలా నచ్చింది. నాన్న ఇన్నాళ్లూ చేస్తున్న పనిని బట్టే బండిలో లోపం ఎక్కడుందో తెలిసిపోయింది.

అయినా చూసి తేల్చుకున్నారు. ఇంజన్ ఆపి, లివర్ దగ్గర కేబుల్ విప్పి, లివర్‌ని చేత్తో తిప్పి వదిలారు. టక్కున వెనక్కి వచ్చింది. తర్వాత కేబుల్‌ని అటూ ఇటూ లాగమని నాకిచ్చారు. ఒక వంపు దగ్గర గరగరమని ఆగిపోయింది. బయటికి తీస్తే, అక్కడ ఔటర్, అంటే తీగ మీదుండే తొడుగు, పగిలి ఉంది. నీళ్లు, దుమ్ము లోపలికి పోయి తీగ తుప్పు పట్టింది, తెగిన రెండు మూడు పోగులు ఔటర్‌లో గుచ్చుకుంటున్నాయి. "నూనె కొడితే సరిపోదా?" అని అడిగాను. "నాలుగు రోజులు బాగుంటుందమ్మా. తర్వాత దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. తెగిన పోగు నూనెతో అతుక్కోదు కదా" అన్నారు.

కొత్త కేబుల్ వేశారు, పాత స్ప్రింగ్ కూడా మార్పించాం. కేబుల్ ఎక్కడా మడత పడకుండా, సైలెన్సర్ పైపుకి తగలకుండా చూశారు. చివర కొంచెం వదులు ఉంచారు. మరీ బిగిస్తే కాలు తీసినా రేసు పూర్తిగా దిగదు, మరీ వదులైతే బటర్‌ఫ్లై పూర్తిగా తెరుచుకోదు. నేను పెడల్ నేలకి తొక్కి వదులుతుంటే మేస్త్రీ గారు లివర్ దగ్గర చూసుకున్నారు. పెడల్ పక్కన రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేసి ఉంటే పైది తీసేయించారు. అదీ పెడల్‌ని పట్టేస్తుందట.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఇది ఒక్కటి చెప్పండి. రోడ్డు మీద యాక్సిలరేటర్ పట్టేస్తే బ్రేక్ గట్టిగా నొక్కే ఉంచి, గేరు న్యూట్రల్ చేసి, పక్కకి తీసి ఆపాలి, తర్వాతే ఇంజన్ ఆఫ్. బండి కదులుతుండగా తాళంచెవి పూర్తిగా తిప్పి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ అవుతుంది. ఖాళీ రోడ్డు మీద నాన్నతో రెండుసార్లు ప్రాక్టీస్ చేయించాను.

తిరిగి వెళ్తూ అడిగాను, "ఇంకా ఏమేం అలవాటైపోయాయి నాన్నా?" అని. బెంజ్ సర్కిల్ దాకా ఏమీ మాట్లాడలేదు. అక్కడ సిగ్నల్ దగ్గర చెప్పారు, ఎడమవైపు స్లైడింగ్ డోర్ లోపలి నుంచి తెరుచుకోదని. అమ్మ కూర్చునేది అటువైపే. రేపు పొద్దున్నే మళ్లీ ఆటోనగర్ వెళ్తున్నాం.