ఆంబోతును ఎన్నిసార్లు దాటించాలి?

అందరికీ నమస్కారం. పొద్దున్నే పాలు పితికి, కేంద్రంలో పోసి, అటునుంచి అటే వచ్చారు. మీ టైం వృథా చేయకుండా నేరుగా విషయంలోకి వెళ్తాను.

పశువైద్యుడిగా నేను ఎక్కువగా విన్న మాట, 'డాక్టరు గారూ, ఆవు తిరగపొర్లుతోంది' అని, అంటే చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకొస్తోందని. ఇంజెక్షన్లు వేయిస్తారు, గర్భకోశం కడిగిస్తారు, దాణా మారుస్తారు. ఆంబోతు సంగతి నేనడిగితే, 'దానికేమండీ, ఎదావు కనబడితే పలుపు తెంచుకుంటుంది' అంటారు. ఊపు ఉంది కాబట్టి విత్తనం కూడా బాగుందనుకుంటాం. ఆ రెండూ వేరు.

ఒక ఊళ్లో మంచి ఒంగోలు గిత్తకు నోట్లో, గిట్టల్లో పుండ్లు పడే గాలికుంటు రోగం వచ్చింది. నాలుగు రోజులు కాగిపోయింది, మేత ముట్టలేదు. పుండ్లు మాని మేత తినగానే, పదో రోజున ఆవుల మీదికి వదిలారు. రోగం అంటుకునే ప్రమాదం ఒకటి. అదీగాక దాటించిన ఆవులు ఒకదాని వెంట ఒకటి 21 రోజులకల్లా మళ్లీ ఎదకొచ్చాయి. గిత్తలో శుక్రకణం తయారవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది, అది పక్వానికి రావడానికి మరో పది రోజులు. ఈ రోజు వచ్చిన జ్వరం దెబ్బ రెండు నెలల దాకా కనిపిస్తూనే ఉంటుంది. రెండు నెలలు దాటించొద్దని చెప్తే ఆ రైతు ముఖం చిన్నబోయింది, రాబడి పోతుంది కదా. పాపం, అయినా మాట విన్నాడు. ఆ తర్వాత ఆవులు నిలిచాయి.

ఇక లెక్క. ఎదిగిన ఆంబోతును వారానికి రెండు మూడుసార్లకు మించి దాటించొద్దు. మూడేళ్ల కోడె అయితే వారానికి ఒక్కసారే. వీర్యం సేకరించే కేంద్రాల్లో కూడా సాధారణంగా వారానికి రెండు రోజులే తీస్తారు.

మనం ఎక్కువగా పాడు చేసేది ఒకే ఆవు దగ్గర. 'డబ్బులిచ్చాం, ఇంకోసారి వదలండి' అని మూడు నాలుగుసార్లు ఎక్కిస్తారు. కృత్రిమ గర్భధారణ స్ట్రాలో, అంటే వీర్యం నింపిన సన్న గొట్టంలో, ఉండేది 2 కోట్ల కణాలు. ఆంబోతు ఒక్కసారి దాటితే కొన్ని వందల కోట్లు వదులుతుంది. స్ట్రాను గర్భాశయంలో వేస్తారు కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చలేం. అయినా సరైన సమయంలో ఒక్క దాటు చాలు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. దాటించే ముందు ఆంబోతును ఆవు కనబడేలా ఐదు పది నిమిషాలు ఆపండి. తొందరపెడితే విత్తనం తక్కువ పడుతుంది.

మందలో వదిలేస్తే ఈ లెక్క మన చేతుల్లో ఉండదు, ఎదలో ఉన్న ఒక్క ఆవు వెంటే తిరుగుతుంది. బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతో పెంచుతున్నవి మన ఒంగోలు రక్తమే. అక్కడ చాలామంది రైతులు పాతిక ముప్ఫై ఆవులకు ఒక ఆంబోతు చొప్పున, ఏడాదిలో సుమారు మూడు నెలలు మాత్రమే మందలో ఉంచి, మిగతా కాలం వేరు చేసేస్తారు.

విశ్రాంతి అంటే గుంజకు కట్టేసి తవుడు పెట్టడం కాదు. అలా చేస్తే కొవ్వు పట్టి, వెనక కాళ్లు ఆ బరువు ఆపలేవు. చల్లపొద్దున అరగంట, ముప్పావుగంట నడిపించండి. పోయిన వారం ఒక గిత్త ఎదావు దగ్గరికి ఉరికింది, ముందుకాళ్లు ఎత్తింది, దించేసింది. మూడుసార్లు అంతే. యజమాని 'బద్ధకం పట్టింది' అన్నాడు. వెనక కుడికాలి గిట్ట ఎత్తి చూస్తే, చీలికలో సర్కారుతుమ్మ ముల్లు విరిగి ఉంది, చుట్టూ చీము. ఎంత నొప్పి భరించిందో! ఆ కాలి మీదే మొత్తం బరువు మోపాలి మరి.

ఎండాకాలం ఇంకా జాగ్రత్త. వృషణాలు ఒంటి వేడికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే విత్తనం సరిగ్గా తయారవుతుంది. మే నెలలో రేకుల కింద కట్టేస్తే ఆ చల్లదనం ఎక్కడిది? చెట్టు నీడకు మార్చండి, దున్నపోతు అయితే రోజుకు రెండుసార్లు నీళ్లు కొట్టండి, దాటించడం తెల్లవారుజామునో, పొద్దుగూకాకో పెట్టుకోండి.

దాటించిన తేదీ, ఆవు గుర్తు, జ్వరం వచ్చిన రోజు ఒక నోటుపుస్తకంలో రాయండి. మూడు ఆవులు వరసగా పొర్లితే ముందు ఆ పుస్తకం తెరవండి, తర్వాతే ఆవుకు ఇంజెక్షన్. ఆంబోతుకు బ్రూసెల్లా పరీక్ష కూడా చేయించండి, అది ఆవుల్లో గర్భస్రావాలు తెచ్చే అంటురోగం.

బయట వేపచెట్టు కింద గిత్తను కట్టించాను. పదండి, గిట్ట ఎలా ఎత్తి చూడాలో అక్కడే చూపిస్తాను.