‘రీచ్ అయ్యావా?’ తప్పని ఎవరన్నారు?

స్క్రోల్ చేయకండి, ఒక్క నిమిషం. ఊరి నుంచి వచ్చిన రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ‘రీచ్ అయ్యావా నాన్నా?’ అని అడుగుతుందా? అయితే మీ అమ్మ మాట్లాడేది తప్పంట! స్పోకెన్ ఇంగ్లిష్ రీల్స్‌లో ఈ మధ్య ఇదే పాట. ఉత్తి ‘ఐ రీచ్డ్’ అనకూడదట. ‘రీచ్డ్ హోమ్’ అనాలట, లేదంటే ‘అరైవ్డ్’ అనాలట. కింద కామెంట్లలో మనవాళ్ళేమో ‘ఇన్నాళ్ళూ తప్పు మాట్లాడానా, సిగ్గేస్తోంది బ్రో’ అని.

సిగ్గెందుకు? నేను చెప్తున్నా, రాసి పెట్టుకోండి. ‘రీచ్ అయ్యావా’ అసలు ఇంగ్లిషే కాదు. అది తెలుగు క్రియ. ఇంగ్లిష్ చొక్కా తొడుక్కుంది, అంతే.

నాకూ ఓసారి కాలింది లెండి, ఈ మంట అందుకే. పాత ఆఫీసులో ఉండగా పని మీద చెన్నై పంపారు. రాత్రి పదకొండింటికి రూమ్‌లో బ్యాగు పడేసి, గ్రూపులో ‘రీచ్డ్’ అని ఒక్క ముక్క పెట్టా. మా మేనేజర్ జవాబు: ‘రీచ్డ్ వాట్?’ పక్కన నవ్వే బొమ్మ. దాని కింద వరసగా ఇంకో తొమ్మిది నవ్వే బొమ్మలు. తిన్న ఇడ్లీ అరగలేదు ఆ రాత్రి.

ఇప్పుడు వినండి. పాత ఇంగ్లిష్‌లో ‘రీచ్’ అంటే చేయి చాపడం. చేయి చాపితే ఏదో ఒకటి అందాలి కదా, అందుకే వాళ్ళకి ఆ మాట పక్కన ఇల్లో ఊరో ఉండాలి. మన ‘అందుకోవడం’ లాంటిదే. ‘అందుకున్నా’ అంటే ‘దేన్ని?’ అని మనమూ అడుగుతాం. ఒప్పుకుంటా.

మరి ‘అరైవ్’? లాటిన్‌లో ‘రీపా’ అంటే ఒడ్డు. పడవ ఒడ్డుకు చేరడమే మొదట్లో అరైవ్. ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ‘రివర్’ కూడా ఆ ఒడ్డుకి చుట్టమే. మనకి లేదా ఈ మాట? ‘గట్టెక్కాం రా బాబూ!’ ‘ఒడ్డున పడ్డాం!’ సప్లిమెంటరీ పాసైనా గట్టెక్కడమే, అప్పు తీరినా గట్టెక్కడమే. వాళ్ళేమో పడవ దిగి, రైలెక్కి, ఆఖరికి ఎయిర్‌పోర్టు బోర్డు మీద ‘అరైవల్స్’ అని రాసుకున్నారు. విమానానికి ఒడ్డేంటండీ? ‘ఏ ఒడ్డు?’ అని అక్కడ ఒక్కడైనా నవ్వే బొమ్మ పెట్టాడా? వాళ్ళు అర్థం జరిపితే చరిత్ర, మనం జరిపితే తప్పు!

అసలు కిటుకు ‘అయ్యా’లో ఉంది. బండి స్టార్ట్ చేశా, బండి స్టార్ట్ అయింది. నెట్ కనెక్ట్ చేశా, నెట్ కనెక్ట్ అయింది. ‘రీచ్ చేశా’ అని ఎవరైనా అంటారా? అనరు. ‘రీచ్ అయ్యా’ అనే అంటారు, ఎందుకంటే అది ‘చేరా’కి బదులు కూర్చున్న మాట. ‘చేరావా?’ అన్నాక ‘ఏ ఊరు?’ అని అడిగేవాడు ఉన్నాడా? పాత ఉత్తరాల్లో ‘క్షేమంగా చేరాను’ అని రాసేవాళ్ళు. అదే ఇది! మనమొక్కళ్ళమే కూడా కాదు. సింగపూర్‌లోనూ ట్రినిడాడ్‌లోనూ ఊరి పేరు లేకుండా ‘రీచ్’ అనేవాళ్ళున్నారు.

‘రీచ్డ్ టు హైదరాబాద్’ అంటే మాత్రం నేను కాపాడను. ఆ ‘టు’ తీసెయ్యండి. అరైవ్‌కీ ‘టు’ వద్దు, ఊరికి ‘ఇన్’, స్టేషన్‌కి ‘ఎట్’. పరీక్షలో, ఇంటర్వ్యూలో వాళ్ళ రూల్ వాళ్ళది. అమ్మ ఫోన్‌లో ఎందుకండీ?

మొన్న ఊరి నుంచి వచ్చా. బస్సు మియాపూర్ దాటిందో లేదో మా అమ్మ ఫోన్. మామూలుగా ‘రీచ్ అయ్యా’ అంటే ‘సరే, ఏదైనా తిని పడుకో’ అని పెట్టేస్తుంది. ఈసారి కావాలనే, ‘అరైవ్ అయ్యానమ్మా’ అన్నా. రెండు సెకన్లు చప్పుడు లేదు.

‘ఏమైంది రా? ఎక్కడున్నావ్? పక్కన ఎవరున్నారు, ఫోన్ వాళ్ళకివ్వు!’