బెలూన్ కారు ఎందుకు కదల్లేదు?

[దృశ్యం: నాపరాళ్ల నేల మీద అట్ట కారు. బెలూన్‌లోంచి గాలి బుస్సుమని పోతుంది. కారు కదలదు.]

చూశారా? గాలంతా అయిపోయింది, కారు ఉన్నచోటే ఉంది. విశాఖలో మా ఏడో తరగతి పిల్లలకి పెట్టిన పోటీ ఇది. ఒక అట్టముక్క, నాలుగు సీసా మూతలు, రెండు ఖాళీ రీఫిళ్లు, పాత పెన్ను గొట్టాలు, బెలూన్, టేపు. వీటితో చేసిన కారు ఎవరూ తొయ్యకుండా 3 మీటర్లు వెళ్లాలి.

ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై నుంచి నిషేధం కదా, అందుకే పెన్ను గొట్టాలు. నిజానికి ఇవే నయం. మన సముద్రపు గాలికి కాగితం స్ట్రాలు మెత్తబడిపోతాయి.

కారు కదలకపోయేసరికి పిల్లలు పెద్ద బెలూన్ ఇమ్మన్నారు. నేనివ్వలేదు. "తిరగేసి చక్రం తిప్పి చూడండమ్మా" అన్నాను. వాళ్ల నాన్నకి గాజువాక ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు ఉన్న కుర్రాడు వేలితో ఒకసారి తిప్పి, "బేరింగ్ పట్టేసింది మేస్టారూ" అన్నాడు.

[క్లోజప్: రీఫిల్ మీద అడ్డంగా టేపు]

సరిగ్గా అదే! ఇరుసుని పట్టుకుని తిరగనిచ్చేదే బేరింగ్. మన కారులో ఇరుసు రీఫిల్, బేరింగ్ పెన్ను గొట్టం. టేపు రీఫిల్ మీదే వేసేశారు. ఇరుసు ఇంకెలా తిరుగుతుంది? టేపు పడాల్సింది గొట్టం మీద. గొట్టం అట్టకి అతుక్కోవాలి, రీఫిల్ దాని లోపల వదులుగా తిరగాలి, మూతలు రీఫిల్‌కి బిగుతుగా ఉండాలి.

బెలూన్ గాలిని వెనక్కి తోస్తే, గాలి కారుని ముందుకి తోస్తుంది. 1687లో న్యూటన్ రాసిన మూడో సూత్రం. అయితే ఆ తోపు ఉండేది కొన్ని సెకన్లే. లెక్క చూడండి: మూత అడ్డకొలత సుమారు 3 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత 9.4. మూడు మీటర్లు వెళ్లాలంటే చక్రం దాదాపు 32 సార్లు తిరగాలి. ఇరుసు దగ్గర కొంచెం రాపిడి ఉన్నా 32 చుట్లూ ఉంటుంది. అందుకే బెలూన్ కట్టకముందే, ఒక చెక్కని రెండు పుస్తకాల మీద వాలుగా పెట్టి కారుని వదలండి. అక్కడ జారని కారుని ఏ బెలూనూ లాగలేదు.

మూతకి బెజ్జం సరిగ్గా నడిమధ్యన పడాలి. మూతని కాగితం మీద పెట్టి గీసి, ఆ గుండ్రాన్ని కత్తిరించి రెండుసార్లు మడవండి. మడతలు కలిసేదే మధ్య. కాల్చిన మేకుతో బెజ్జం పెట్టే పని మాత్రం పెద్దవాళ్లే చెయ్యాలి.

[దృశ్యం: ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసిన గది. సుద్దముక్క గీత. కారు కదులుతుంది.]

టేపు మార్చారు, బెలూన్ అదే. ఈసారి గీత దాటింది! కానీ ఎడమకి తిరిగి బెంచీ కాలికి తగిలింది. స్కేలు పెట్టి చూశాం. ఇరుసుల మధ్య దూరం కుడివైపు 10 సెంటీమీటర్లు, ఎడమవైపు 9.5. దూరం తక్కువున్న వైపుకే కారు తిరుగుతుంది. నేను చెప్పేలోపే వెనక గొట్టం టేపు ఊడదీసేస్తున్నారు.