మొదటి ప్రశ్న

శ్రోతలకు నమస్కారం. కౌన్సెలింగ్ అనగానే మన దగ్గర సగం మందికి ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగే గుర్తొస్తుంది. నేను మాట్లాడబోయేది దాని గురించి కాదండీ. ఇంట్లో గొడవ పెద్దదైనప్పుడు, మనసు బాగోలేనప్పుడు, ఎవరికి చెప్పుకోవాలో తెలియనప్పుడు వెళ్లే కౌన్సెలింగ్ గురించి. అందులోనూ కుర్చీకి ఇవతల కూర్చునే మనిషి గురించి, అంటే నాలాంటి వాళ్ల గురించి.

నేను కుటుంబ కౌన్సెలింగ్ పనిలో చేరిన కొత్తలో ఒకావిడ వచ్చింది. ఆవిడ ఎవరో పోల్చుకోకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను. భర్త తాగొచ్చి కొడతాడు. ఆ మాట చెప్పడానికే ఆవిడకు చాలాసేపు పట్టింది, కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది. అంతా విని నేను అడిగిన మొదటి ప్రశ్న, ‘పిల్లలు ఎంతమందమ్మా?’

వినడానికి మామూలు ప్రశ్నే. బస్సులో పక్క సీటు ఆవిడ కూడా అడుగుతుంది. కానీ ఇద్దరు పిల్లలు అని ఆవిడ చెప్పగానే నా మనసులో తీర్పు అయిపోయింది, ఈ కాపురం నిలబెట్టాలి అని. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పినా నాకు ఆ తీర్పుకు పనికొచ్చేదే వినపడింది. మరుసటి వారం భర్తను పిలిపించాం. అతను ఏడ్చాడు, తప్పయిపోయింది మేడం అన్నాడు. నేను ఇద్దరికీ సమానంగా నీతులు చెప్పాను. ఆయన తాగుడు మానాలి, నువ్వూ కాస్త నోరు తగ్గించుకోవాలి, పిల్లల ముఖం చూసి సర్దుకుపోవాలి అని. రిజిస్టర్‌లో ‘రాజీ కుదిరింది’ అని రాసుకున్నాం. ఆ కాలంలో రాజీల లెక్కే మా పనికి మార్కుల లెక్క, అది ఎక్కువుంటే పైవాళ్లు మెచ్చుకునేవాళ్లు.

నాలుగు నెలలకు ఆవిడ మళ్లీ వచ్చింది, చేతికి కట్టుతో. గుమ్మంలోంచి నన్ను చూసి ఆగిపోయి, అటెండర్‌ని మెల్లగా అడిగింది, ‘వేరే మేడం ఎవరైనా ఉన్నారా?’ అని.

ఆ రోజు ఇంటికెళ్లాక చాలాసేపు ఆలోచించాను. నేను ఆవిడకు అన్యాయం చేయాలనుకోలేదు, లంచం తీసుకోలేదు, విసుక్కోలేదు కూడా. నిజంగా మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అనే మాట వింటూ పెరిగినదాన్ని. మా ఇంట్లో, మా వీధిలో, పెద్దమనుషుల పంచాయితీల్లో విన్న మాటలనే డిగ్రీ చేతికొచ్చాక కౌన్సెలింగ్ అని పేరుపెట్టి తిరిగి చెప్పాను. మరి దెబ్బలు సంసారం కిందికొస్తాయా, రోగం కిందికొస్తాయా అని నన్ను నేను ఎప్పుడూ అడుక్కోలేదు.

కౌన్సెలర్లేమీ చంద్రమండలం నుంచి దిగిరారు కదండీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లకు ఏడు కారణాలు చదివి వినిపించారు. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామల్ని గౌరవించకపోవడం, ఇలాంటివి. వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం సరైనదేనా అని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 80 మందికి పైగా అవునన్నారు. మగవాళ్లు కాదండీ, ఆడవాళ్లు. ఆ ఇళ్లలోంచే కేసులు వస్తాయి, ఆ ఇళ్లలోంచే మేమూ వస్తాం. ఎం.ఏ. సైకాలజీ చదివినంత మాత్రాన, సోషల్ వర్క్‌లో ఎం.ఎస్.డబ్ల్యూ. చేసినంత మాత్రాన అవన్నీ కడుక్కుపోవు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సంగతీ కాదు. అమెరికాలో ఇంగె బ్రోవర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు కలిసి చేసిన ఒక అధ్యయనం 1970లో అచ్చయింది. మానసిక వైద్యులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు, అందరూ కలిపి 79 మందికి గుణాల పట్టిక ఒకటి ఇచ్చారు. మానసికంగా ఆరోగ్యంగా ఉన్న మగవాడు ఎలా ఉంటాడో చెప్పమని కొందర్ని, ఆరోగ్యంగా ఉన్న స్త్రీ ఎలా ఉంటుందో చెప్పమని కొందర్ని, ఆడా మగా అనకుండా ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎలా ఉంటాడో చెప్పమని మిగతావాళ్లని అడిగారు. మనిషికీ మగవాడికీ చెప్పిన గుణాలు దాదాపు ఒకటే. స్త్రీ దగ్గరికి వచ్చేసరికి అణకువ ఎక్కువ, స్వతంత్రం తక్కువ, చిన్నదానికే కంగారుపడుతుంది, త్వరగా నొచ్చుకుంటుంది, ఇలా వచ్చాయి. అంటే ఆవిడ అణకువగా ఉంటే మంచి మనిషి లెక్కలోకి రాదు, అణకువగా లేకపోతే మంచి ఆడదాని లెక్కలోకి రాదు. ఇంకో మాట, ఆ 79 మందిలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్ల జవాబులకూ మగవాళ్ల జవాబులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు వేరే మేడంని అడిగినావిడ గుర్తొచ్చింది ఇది చదివినప్పుడు.

మన చట్టం రాసినవాళ్లకు ఈ గొడవ ముందే తెలుసనిపిస్తుంది. 2005 గృహహింస చట్టం కింద 2006లో నిబంధనలు వచ్చాయి. ఆ చట్టం కింద జరిగే కౌన్సెలింగ్‌లో, కొట్టినవాడు ఫలానా కారణం వల్ల కొట్టాను అని సమర్థించుకోవడానికి వీల్లేదు, ఆ సంగతి కూర్చోబెట్టే ముందే అతనికి చెప్పాలి అని వాటిలో ఉంది. మేము చేసేదేమిటి? అతన్ని ‘ఎందుకు కొట్టావయ్యా?’ అంటాం, ఆమెను ‘నువ్వేమన్నావు?’ అంటాం. ఆ రెండో ప్రశ్న ఎంత చల్లగా అడిగినా తప్పు సగం ఆమె ఒళ్లో పెట్టేసినట్టే.

రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమాడినట్టవుతుంది. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఉండేది, మహా చురుకు, పెళ్లి అంటేనే జైలు అనుకునే రకం. ఒకావిడ వచ్చి కూర్చున్న గంటలోపే ‘ఇంకా ఎందుకు పడుతున్నారండీ, కేసు పెట్టేయండి, బయటికి వచ్చేయండి’ అంది. ఆవిడ తలూపి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. కేసు పెడితే ఉండటానికి చోటుందా, పుట్టింటివాళ్లు రానిస్తారా, చేతిలో డబ్బుందా, పెట్టడానికి ఆవిడ సిద్ధంగా ఉందా, ఏదీ అడగలేదు. నా నమ్మకం ఒకరిని ఇంట్లోకి తోసింది, ఆ అమ్మాయి నమ్మకం ఇంకొకరిని బయటికి తోయబోయింది. వచ్చినవాళ్లు ఏమనుకుంటున్నారో ఇద్దరం వినలేదు.

పిల్లల విషయంలో ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. ఎవర్నో ప్రేమించిందనో, పెళ్లి వద్దందనో, కులం కానివాడితో తిరుగుతోందనో కూతుర్ని తీసుకొచ్చి ‘దీనికి కాస్త బుద్ధి చెప్పండి మేడం, మెంటల్‌గా ఏదో అయింది’ అంటారు తల్లిదండ్రులు. ఊరివాళ్ల నీతికీ ఆచారానికీ మతానికీ సరిపడనంత మాత్రాన ఒకరికి మానసిక జబ్బుందని తేల్చకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలో స్పష్టంగా ఉంది. కానీ తల్లి ఏడుస్తూ ఎదురుగా కూర్చున్నప్పుడు, మనింట్లోనూ అదే వయసు పిల్ల ఉన్నప్పుడు, చట్టం గుర్తురావడం అంత తేలిక కాదండీ.

ఈ సందర్భంలో నాకు బాగా నచ్చిన మనిషి కౌన్సెలర్ కాదు, ఒక జడ్జిగారు. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేష్. 2021లో ఆయన ముందుకు ఒక కేసు వచ్చింది. మదురైకి చెందిన ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు ప్రేమించుకుని, ఇళ్లలో ఒప్పుకోక చెన్నై చేరి, రక్షణ కావాలని అడిగారు. ఆయన చట్టం తీసి తీర్పు రాసేయొచ్చు. అలా రాయకుండా, ఈ విషయం నాకే సరిగా తెలియదు, నాలోనూ ముందే ఏర్పడిన అభిప్రాయాలున్నాయి అని ఒప్పుకుని, సైకాలజిస్టు దగ్గర ఆయనే స్వయంగా కూర్చున్నారు. ఆ తర్వాతే జూన్ 7న ఉత్తర్వులిచ్చారు. ఇలాంటివాళ్లను ‘మారుస్తాం, నయం చేస్తాం’ అనే వైద్యాలను నిషేధించాలన్నారు. హైకోర్టు జడ్జి నాకు తెలియదు అనగలిగినప్పుడు మాకేం నామోషీ?

మీలో ఎవరైనా కౌన్సెలింగ్‌కు వెళ్లాల్సి వస్తే ఒకటి గమనించండి. ఎదుటి మనిషి మిమ్మల్ని ఎక్కువ అడుగుతున్నారా, మీకు ఎక్కువ చెబుతున్నారా? మొదటి పావుగంటలోనే సర్దుకుపొమ్మనో విడిపొమ్మనో అంటే, ఇంకొకరిని చూసుకోవడంలో తప్పు లేదు. మొహమాటపడొద్దు, మాకు మహా అయితే కాస్త చివుక్కుమంటుంది, అంతే. ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో హింస ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181.

ఆ రోజు చేతికట్టుతో వచ్చినావిడతో మా సీనియర్ మేడం మాట్లాడారు. నేను ఉండబట్టలేక తర్వాత అడిగాను, ముందు ఏమడిగారండీ అని. ‘ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావమ్మా అని అడిగాను’ అన్నారు.

పిల్లలెంతమంది అనే గడి మా ఫారంలో ఇప్పటికీ పైనే ఉంది. నేను దాన్ని చివర్లో నింపుతున్నాను.

సెలవు, నమస్కారం.